ముహూర్తం పంతులుగారిది, గడువు వీసాది

విదేశీ వరుడితోనో వధువుతోనో పెళ్లికి మన చట్టం అడ్డు చెప్పదు. కానీ ఏ కాగితం ఏ తేదీలోగా చేతికి రావాలో తెలియకపోతే అసలు చిక్కులు పెళ్లయ్యాకే మొదలవుతాయి.

ఖరగ్‌పూర్ వలసల మీద లేచిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారు తరాల తరబడి ఇక్కడే ఉండిపోయారు. మథురకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు ఇప్పటికీ వీధిలో తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపిందంటే అందుకు ప్రధాన కారణం ఈ ఊరే. తాతలనాడు బెంగాలీ కోడలు ఇంటికి వస్తే వింతగా చూశారు. మనవల కాలానికి అది మామూలైపోయింది.

ఇప్పుడు కథ సరిహద్దు దాటింది. రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలు జర్మనీలోనో అమెరికాలోనో చదువుకుంటున్నారు. ఊరి అంచున హిజ్లీలో 1951లో మొదలైన ఐఐటీకి విదేశీ విద్యార్థులు వస్తున్నారు. పరిచయాలు పెళ్లి మాటల దాకా వెళ్లడం సహజం. అలాంటి సంబంధం కుదిరినప్పుడు ఇంట్లో మొదట వచ్చే ప్రశ్నలు కులం, మతం, తిండి, భాష గురించి. అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మాత్రం చివర్లో వస్తుంది: అబ్బాయి వీసా ఎప్పటి వరకు ఉంది?

ఒక ఉదాహరణ అనుకుందాం. మథురకాటి అమ్మాయి, జర్మనీ అబ్బాయి. అతడు 30 రోజుల ఈ-టూరిస్టు వీసాతో వచ్చాడు. మంచి ముహూర్తం చూసి గుడిలో తాళి కట్టించి, మర్నాడు రిజిస్ట్రేషన్ చేయించి, ఆ వారంలోనే వీసా మార్పించాలని పెద్దల ఆలోచన. అందులో తాళి వరకే వారి చేతిలో ఉంది. మిగిలిన రెండూ ఆ వరసలో జరిగేవి కావు.

హిందూ వివాహ చట్టం ఇద్దరు హిందువుల మధ్య పెళ్లికే వర్తిస్తుంది. అబ్బాయి హిందువు కానప్పుడు గుడిలో జరిగిన తంతు ఎంత వైభవంగా ఉన్నా ఆ చట్టం కింద పెళ్లి కాదు. ఇలాంటి జంటకు దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దాని కింద పెళ్లాడటానికి ఇద్దరూ భారతీయులే కావాలన్న నియమం లేదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి. ఇద్దరిలో ఎవరికీ బతికున్న భార్యగాని భర్తగాని ఉండకూడదు. విదేశీయుడు అవివాహితుడేనని అతని దేశం నుంచి తెచ్చే పత్రాన్ని మ్యారేజ్ ఆఫీసర్లు సాధారణంగా అడుగుతారు.

అసలు సంగతి రోజుల లెక్కలో ఉంది. ఇద్దరూ సంతకాలు చేసిన నోటీసును మ్యారేజ్ ఆఫీసర్‌కు ఇవ్వాలి. ఇద్దరిలో కనీసం ఒకరు అంతకుముందు 30 రోజులుగా ఆ జిల్లాలో నివసిస్తూ ఉండాలి. ఖరగ్‌పూర్ అమ్మాయి పశ్చిమ మేదినీపూర్ జిల్లా వాసి కాబట్టి ఆ షరతు ఆమెతోనే తీరిపోతుంది. కానీ నోటీసు ఇచ్చాక అభ్యంతరాల కోసం మరో 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి 3 నెలల్లోగా పెళ్లి జరగకపోతే అది చెల్లదు, మళ్లీ మొదటికే. పెళ్లినాడు ముగ్గురు సాక్షులు కావాలి. అబ్బాయి దిగిన రోజే నోటీసు ఇచ్చినా 30 రోజుల వీసా ముగిసే లోపు పెళ్లి పూర్తి కాదు.

ముందు గుడిలో పెళ్లి చేసి తర్వాత అదే చట్టం కింద నమోదు చేయించుకుంటామంటే ఇంకో మెలిక. ఇలా నమోదు కోరేటప్పుడు ఒకరు కాదు, ఇద్దరూ ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. ఆ తర్వాత అభ్యంతరాలకు మళ్లీ 30 రోజుల గడువు. అంటే తక్కువలో తక్కువ 2 నెలలు. తొందరపడి తాళి కట్టించినవారికే ఎక్కువ ఆలస్యం అవుతుందన్నమాట. ఈ బహిరంగ నోటీసు జంటల ఇష్టాన్ని బట్టి ఉండాలే తప్ప తప్పనిసరి కాకూడదని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో తీర్పు చెప్పింది. అది ఉత్తరప్రదేశ్ హైకోర్టు మాట. బెంగాల్‌లో పెళ్లి చేసుకునేవారు 30 రోజుల లెక్క వేసుకోవడమే క్షేమం.

పెళ్లి పత్రం చేతికి వచ్చాక రెండో అంకం. భారత పౌరురాలిని పెళ్లాడినంత మాత్రాన విదేశీయుడికి ఇక్కడ ఉండే హక్కు దానంతటది రాదు. అతడు విదేశీయుల ప్రాంతీయ నమోదు అధికారికి, అంటే ఎఫ్ఆర్ఆర్ఓకు, ఎక్స్-2 వీసా కోసం దరఖాస్తు చేసుకోవాలి. భారతీయుల భార్య లేదా భర్త, పిల్లల కోసం ఉన్న ఎంట్రీ వీసా ఇది. 2018 నుంచి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే కాబట్టి ప్రతి కాగితానికీ కోల్‌కతా రైలెక్కే పని తగ్గింది. పర్యాటక వీసాను మామూలుగా పొడిగించరు, మార్చరు. భారతీయులతో పెళ్లి జరిగినప్పుడు ఆ నియమానికి మినహాయింపు కోరవచ్చు. పాత వీసా బతికి ఉండగానే దరఖాస్తు పడాలి. నమోదైన పెళ్లి పత్రం ఉండాలి. ఇద్దరూ నిజంగా కలిసి కాపురం చేస్తున్నారా అన్న విచారణ, భద్రతా పరిశీలన జరుగుతాయి. విచారణకు వచ్చినవారు ఇరుగుపొరుగును అడిగితే కంగారుపడనక్కరలేదు. అది ఆ పద్ధతిలో భాగం.

అందుకే చాలామందికి సులువైన దారి ఇక్కడ పెళ్లి చేసుకుని వీసా మార్చుకోవడం కాదు, పెళ్లి అక్కడే చేసుకుని సరైన వీసాతో దిగడం. ఆ దేశపు చట్టం ప్రకారం అక్కడ సివిల్ పెళ్లి చేసుకోవచ్చు. లేదా 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద భారత రాయబార కార్యాలయంలో చేసుకోవచ్చు. దీనికి ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే చాలు. నోటీసు గడువు ఇక్కడా ఉంది గాని ఇండియా వీసా కరిగిపోతుందన్న భయం ఉండదు. పెళ్లి పత్రంతో అక్కడి నుంచే ఎక్స్-2 వీసా తీసుకుని వచ్చాక మథురకాటిలో పందిరి వేసి ఎంత ఘనంగా చేసినా అడిగేవారు లేరు.

ఇక్కడే ఉద్యోగం చేస్తున్న విదేశీయుడి సంగతి వేరు. ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద ఉన్నవారు పెళ్లి కాగానే ఎక్స్-2కు మారిపోవాలని ఉబలాటపడతారు. అలా మారితే జీతం పోతుంది. ఎక్స్-2 వీసా ఉండనిస్తుందే గాని ఉద్యోగం చేయనివ్వదు. దానికి వేరే అనుమతి కావాలి. ఉద్యోగం నిలకడగా ఉన్నంత కాలం పాత వీసానే పొడిగించుకుంటూ పోవడం తెలివైన పని. చదువు మిగిలి ఉన్న విద్యార్థికీ అంతే. కోర్సు పూర్తి కావస్తుండగా మార్పు కోరవచ్చు, వీసా తేదీ దాటకుండా చూసుకుంటే చాలు.

ఈ తేదీ గోల ఎందుకంటే దాటితే పడే శిక్ష జంటతోనే ఆగదు. 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్, విదేశీయుల కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 1946 నాటి విదేశీయుల చట్టంతో సహా నాలుగు పాత చట్టాల స్థానంలో వచ్చిన ఈ చట్టం ప్రకారం వీసా గడువు దాటి ఉండిపోతే 3 ఏళ్ల వరకు జైలు, 3 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కొద్దిపాటి జాప్యాన్ని రుసుంతో సరిపెట్టే వెసులుబాటు ఉంది. కానీ జరిమానా కట్టినంత తేలిగ్గా తీరని చిక్కు పౌరసత్వ చట్టంలో ఉంది. సరైన పత్రాలతో వచ్చి గడువు దాటి ఉండిపోయినవారిని కూడా ఆ చట్టం అక్రమ వలసదారులనే అంటుంది. 2004 డిసెంబరు 3 తర్వాత భారత్‌లో పుట్టిన బిడ్డకు జన్మతః పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రులు ఇద్దరూ భారతీయులైనా కావాలి, లేదా ఒకరు భారతీయులై, బిడ్డ పుట్టే నాటికి రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. తండ్రి వీసా గడువు దాటిన వారానికి బిడ్డ ఖరగ్‌పూర్ ఆస్పత్రిలో పుడితే, తల్లి భారతీయురాలే అయినా ఆ బిడ్డ పౌరసత్వం ప్రశ్నార్థకమవుతుంది. నాలుగు తరాలుగా రైల్వేలో పనిచేసిన కుటుంబానికి పుట్టిన బిడ్డ సంగతి ఇది. పెళ్లి ద్వారా పౌరసత్వం కోరే అవకాశం కూడా అక్రమ వలసదారు ముద్ర పడినవారికి లేదు.

తేదీలన్నీ దాటకుండా కాపురం సాగితే 2 ఏళ్లకు తదుపరి తలుపు తెరుచుకుంటుంది. 2015 సవరణ ప్రకారం భారత పౌరుల విదేశీ జీవిత భాగస్వామి, నమోదైన పెళ్లి దరఖాస్తుకు ముందు వరుసగా 2 ఏళ్లు నిలిచి ఉంటే ఓసీఐ కార్డు కోరవచ్చు. భద్రతా పరిశీలన ఇక్కడా తప్పదు. కార్డు వస్తే జీవితకాల వీసా ఉన్నట్టే. ఎఫ్ఆర్ఆర్ఓ దగ్గర నమోదు బెడద పోతుంది, ఉద్యోగం చేసుకోవచ్చు. ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనే వీలుండదు. మత ప్రచారం, పరిశోధన, జర్నలిజం వంటి పనులకు 2021 నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. ఇంకో షరతు చాలామందికి తెలియదు. విడాకులైతే పెళ్లి ద్వారా వచ్చిన ఈ కార్డు రద్దవుతుంది. జీవితకాల వీసా అన్న మాటకు అర్థం, పెళ్లి ఉన్నంత కాలం అని.

బెంగాల్‌లో ఉన్నప్పుడు పొరుగు దేశం సంగతి మరవలేం. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు ఓసీఐ దారి లేదు. తల్లిదండ్రులు, తాతల్లో ఎవరైనా ఆ దేశాల పౌరులై ఉన్నా లేనట్టే. ఐఐటీ తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్న జర్మనీ విద్యార్థికీ ఢాకా విద్యార్థికీ ప్రేమ ఒకటే గాని దరఖాస్తు ఫారం వేరు. భారతీయులను పెళ్లాడి ఇక్కడే ఉంటున్న ఆ రెండు దేశాల మహిళలకు దీర్ఘకాలిక వీసా సౌకర్యం ఉంది. రెండు దేశాల మధ్య వాతావరణం వేడెక్కితే మామూలు వీసాలకు ఎంత విలువ ఉంటుందో 2025 ఏప్రిల్ చెప్పింది. పహల్గాం దాడి తర్వాత పాకిస్తానీయుల వీసాలు రద్దు చేసినప్పుడు దీర్ఘకాలిక వీసాలకు మినహాయింపు ఇచ్చారు. అట్టారీ సరిహద్దులో మాత్రం పెళ్లి బంధాలతో కలిసిన కుటుంబాలు చెరో వైపు నిలబడటం దేశమంతా చూసింది. ఏ వీసా మీద ఉన్నామన్నది కాగితం ముక్క సంగతి కాదని అర్థమైంది అప్పుడే.

చివరి మెట్టు పౌరసత్వం. భారతీయులను పెళ్లాడినవారు 7 ఏళ్లు ఇక్కడ నివసించాక నమోదు ద్వారా పౌరసత్వం కోరవచ్చు. ఈ దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి పుట్టిన దేశపు పాస్‌పోర్టు వదులుకోవాలి. ఈ దారిలో నడిచిన అందరికన్నా ప్రముఖురాలు సోనియా గాంధీ. ఆమెకు 1968లో పెళ్లయింది, 1983లో పౌరసత్వం తీసుకున్నారు. ఆ తేదీల చుట్టూ దేశ రాజకీయాలు ఏళ్ల తరబడి తిరిగాయి. 1955 నాటి అసలు చట్టంలో ఈ అవకాశం భారతీయులను పెళ్లాడిన మహిళలకే ఉండేది. విదేశీ అల్లుడు అనేవాడు చట్టం ఊహలోనే లేడు. 1986 సవరణతో పురుషులకూ దారి దొరికింది. అదే సవరణ 5 ఏళ్ల నివాసం షరతు పెట్టింది, తర్వాతి సవరణ దాన్ని 7 ఏళ్లు చేసింది. అంటే స్త్రీ పురుషులను సమానం చేసే పని, గడువు పెంచే పని చట్టం ఒకేసారి మొదలుపెట్టింది.

ఖరగ్‌పూర్‌లో ఇంకో వర్గం గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1966 ప్రకారం భారతీయులు కాని వ్యక్తిని పెళ్లాడిన ఉద్యోగి ఆ సంగతి వెంటనే ప్రభుత్వానికి తెలపాలి. అనుమతి అడగమని కాదు, సమాచారం ఇవ్వమని. తర్వాత చూద్దాంలే అనుకుంటే అది సర్వీసు రికార్డులో మచ్చగా మారే ప్రమాదం ఉంది. అలాగే విదేశీయులకు బస ఇచ్చేవారు 24 గంటల్లోగా సమాచారం ఇవ్వాలన్న నియమం హోటళ్లకే పరిమితమని పొరబడేవారు చాలామంది. కొత్త అల్లుడు దిగిన మర్నాటికి ఆ పని అయిపోవాలి.

ఇదే బొమ్మను తిప్పి చూస్తే అమెరికాలో చదువుతున్న ఖరగ్‌పూర్ అబ్బాయి కనిపిస్తాడు. అక్కడా పెళ్లి దానంతటది ఏదీ ఇవ్వదు. చేసుకున్న అమ్మాయి అమెరికా పౌరురాలైతే గ్రీన్ కార్డుకు వార్షిక కోటా అడ్డు ఉండదు. గ్రీన్ కార్డు ఉన్న అమ్మాయైతే వరసలో నిలబడాలి. పెళ్లయి 2 ఏళ్లు నిండకుండా కార్డు మంజూరైతే అది 2 ఏళ్ల షరతుల కార్డు. ఆ గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. దొంగ పెళ్లి అని తేలితే 5 ఏళ్ల వరకు జైలు. విద్యార్థి వీసా మీద ఉండి, దరఖాస్తు నడుస్తుండగా ముందస్తు అనుమతి లేకుండా చెల్లెలి పెళ్లికని ఊరికి వస్తే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి కొత్తగా భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి. అంతకుముందు 18,600 పౌండ్లు సరిపోయేది.

అనుమానం అన్ని ప్రభుత్వాలకూ ఉంది. వీసా కోసం పెళ్లాడేవారు ఉన్నారు కాబట్టి విచారణ తప్పదంటే ఒప్పుకోవలసిందే. కానీ ఒక తేడా ఉంది. బ్రిటన్ ఆదాయం అడిగినా, వీసా ఇచ్చాక వచ్చినవారిని పని చేసుకోనిస్తుంది. అమెరికా పౌరుల జీవిత భాగస్వామి గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తుండగానే పని అనుమతి కోరవచ్చు. మన ఎక్స్-2 వీసా మాత్రం పెళ్లిని పరిశీలించి, కాపురాన్ని విచారించి, భద్రతా పరిశీలన పూర్తి చేసి, అంతా సరే అన్నాక కూడా 2 ఏళ్లు ఊరికే కూర్చోమంటుంది. పొద్దున్నే భార్య డ్యూటీకి వెళితే, ఇంజినీరింగ్ చదివిన భర్త గోల్‌బజార్‌లో కూరలు తెచ్చి సాయంత్రం దాకా ఎదురుచూడాలి. ఒక్క జీతం మీద ఇల్లు గడవాలి. మామగారింట్లో అల్లుడికి, అత్తగారింట్లో కోడలికి ఆ 2 ఏళ్లు ఎంత బరువో చెప్పనక్కరలేదు. కాపురం నిలవదేమోనని ప్రభుత్వం పెట్టిన గడువే కాపురానికి గండమయ్యే పరిస్థితి.

దీన్ని సరిచేయడానికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కరలేదు. ఏ వీసా మీద ఏ పని చేయవచ్చో తేల్చేది కేంద్ర హోం శాఖ నియమాలే. విచారణ ముగిసి ఎక్స్-2 మంజూరైన జీవిత భాగస్వామికి దానితోపాటే పని చేసుకునే అనుమతి ఇస్తే భద్రతకు వచ్చే లోటు లేదు. పరిశీలన అప్పటికే అయిపోయింది కదా.

అంతవరకు జంటలు చేయగలిగింది ఒక్కటే. శుభలేఖ అచ్చు వేయించే ముందు ఒక కాగితం మీద నాలుగు తేదీలు రాసుకోవాలి: వీసా ముగిసే రోజు, నోటీసు ఇచ్చే రోజు, నోటీసుకు 30 రోజులు నిండే రోజు, ఎక్స్-2 దరఖాస్తు పడాల్సిన రోజు. మొదటి తేదీ మిగిలిన మూడింటి కన్నా వెనక ఉండాలి. లేకపోతే ముహూర్తం మార్చుకోవాలి. శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన తాతలను వీసా అడిగినవారు లేరు. కొన్నాళ్లు పనిచేసి వెళ్లిపోదామనుకున్న చాలామంది ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల మనవరాలిని పెళ్లాడి వచ్చే అల్లుడికి అదే ఊళ్లో ఉండిపోవడానికి తేదీలు లెక్కపెట్టుకోక తప్పదు.